మనిషి పుట్టుక పాఠాన్ని సగంలో ఆపకండి

పాఠ్యపుస్తక రచయితలకు, వాటిని పరిష్కరించే నిపుణులకు, విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులో రాస్తున్న పత్రికా రచయితలకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా,

నమస్కారం. నేను చాలా ఏళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా పిల్లల చేతిలో ఉన్న పుస్తకంలో మనిషి పుట్టుక గురించి రెండు పేజీలున్నాయి. అవి ఒకదానితో ఒకటి పొసగడం లేదని, సరిదిద్దాలని ఆ పుస్తకం తయారుచేసిన సంఘానికి మూడుసార్లు ఉత్తరం రాశాను. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ రాలేదు. ఈలోగా పుస్తకం మళ్లీ అచ్చయింది, ఒక్క వాక్యం మారలేదు. తక్కువ పేజీల్లో ఎక్కువ విషయం ఇమడ్చడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ శ్రమను తక్కువ చేయడం లేదు. అయినా ఈ విషయంలో ఇక ఊరుకోలేక అందరి ముందుకూ వస్తున్నాను.

మొదటి పేజీలో ‘మానవులందరూ ఆఫ్రికాలో జీవించిన ఒకే స్త్రీ సంతానం’ అని ఉంది. రెండో పేజీలో ‘మానవులను మూడు ప్రధాన జాతులుగా విభజించవచ్చు’ అని ఉంది. పక్కనే మూడు ముఖాల బొమ్మలు. ఒక విద్యార్థిని లేచి, “అందరం ఒక తల్లి పిల్లలమైతే మూడు జాతులం ఎలా అయ్యాం టీచర్? ఈ రెండింటిలో ఏది నిజం?” అని అడిగింది. మొదటిది సగం నిజం. రెండోది నిజమే కాదు. ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పడానికి నాకు ఒక వారం పట్టింది. పుస్తకంలో సరిగ్గా ఉంటే ఒక్క పీరియడ్ సరిపోయేది.

మనుషులందరిదీ ఒకే మూలమా అన్న ప్రశ్నకు ఇవాళ మన దగ్గర గట్టి జవాబు ఉంది. అవును, ఇప్పుడున్న మనుషులందరి వంశమూలం ఆఫ్రికాలోనే. కానీ ఒకే జంట కాదు, ఒకే ఊరు కాదు, ఒకే రోజు కాదు. ఈ ‘కానీ’ తర్వాత వచ్చేదంతా మన పుస్తకాలు వదిలేస్తున్నాయి. దాన్ని వదిలేయడం వల్ల ఏమవుతోందో చెప్పే ముందు, ఆధారాలను క్లుప్తంగా గుర్తుచేస్తాను.

1961లో మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ అనే చోట గనిలో పనిచేస్తున్నవారికి ఒక పుర్రె దొరికింది. అది కొన్ని పదుల వేల ఏళ్ల నాటిదని చాలాకాలం అనుకున్నారు. కొత్త తవ్వకాలు జరిపి కాలనిర్ణయం చేశాక, 2017లో దాని వయసు సుమారు 3 లక్షల ఏళ్లని ప్రకటించారు. ముఖం దాదాపు మన ముఖమే. కపాలం మాత్రం మనలా గుండ్రంగా కాకుండా వెనక్కి సాగి ఉంటుంది. ఇథియోపియాలోని ఓమో లోయలో 1967లో బయటపడిన ఎముకల వయసు కనీసం 2,30,000 ఏళ్లుంటుందని 2022లో తేలింది. దక్షిణాఫ్రికాలోని ఫ్లోరిస్‌బాడ్ పుర్రె వయసు సుమారు 2,60,000 ఏళ్లు. ఒకటి ఖండానికి వాయవ్య మూల, ఒకటి తూర్పున, ఒకటి దక్షిణాన. అందుకే చాలామంది పరిశోధకులు ఇప్పుడు ఒక్క పుట్టినిల్లు కోసం వెతకడం మానేశారు. ఖండమంతటా చెదిరి ఉండి, అప్పుడప్పుడు కలుస్తూ విడిపోతూ వచ్చిన అనేక జనసమూహాల నుంచి మనం వచ్చామని చెబుతున్నారు.

ఇక ఆ ‘ఒకే స్త్రీ’ సంగతి. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 147 మంది మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్‌ఏను పోల్చి చూశారు. ఇది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. కొమ్మలన్నీ వెనక్కి వెళ్లి, సుమారు 2 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో బతికిన ఒక స్త్రీ దగ్గర కలిశాయి. పత్రికలు ఆమెకు బైబిల్‌లోని మొదటి స్త్రీ పేరు మీద ‘ఈవ్’ అని పేరు పెట్టాయి. ఆ పేరు పెట్టిన రోజు నుంచే తప్పు అర్థం మొదలైంది. ఆమె కాలంలో ఆమె ఒక్కతే స్త్రీ కాదు. వేలమంది ఉన్నారు, వారిలో ఎందరివో జన్యువులు ఇవాళ మనలో ఉన్నాయి. ఇంటిపేరుతో పోల్చి చూడండి. తండ్రి నుంచి ఇంటిపేరు వచ్చే చోట, ఒకాయనకు అందరూ ఆడపిల్లలే అయితే ఆయన ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది. ఆయన వంశం ఆగిపోదు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ అలాంటి ఇంటిపేరే, కాకపోతే తల్లి వైపుది. దాని పొడవు 16,569 అక్షరాలు. మన జీనోమ్, అంటే కణంలోని మొత్తం డీఎన్‌ఏ, సుమారు 300 కోట్ల అక్షరాలు. మిగిలిన ప్రతి జన్యు భాగానికీ వేర్వేరు ఉమ్మడి పూర్వీకులున్నారు, వేర్వేరు కాలాల్లో.

2010లో మరో మలుపు వచ్చింది. స్వాంటె పాబో అనే శాస్త్రవేత్త బృందం, ఒకప్పుడు జీవించి అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల జీనోమ్‌ను చదివింది. ఆఫ్రికా బయటి మూలాలున్న ప్రతి మనిషిలో సుమారు 2 శాతం డీఎన్‌ఏ వారిదేనని తేలింది. అదే ఏడాది సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన వేలి ఎముక నుంచి, అంతవరకు ఎవరూ ఊహించని మరో మానవ శాఖ, డెనిసోవన్లు, బయటపడింది. వారి వారసత్వం పాపువా న్యూ గినీ ప్రజల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అదే గుహలో దొరికిన ఒక చిన్న ఎముక ముక్కను చదివితే, అది నియాండర్తల్ తల్లికి, డెనిసోవన్ తండ్రికి పుట్టిన అమ్మాయిదని 2018లో తెలిసింది. ఈ సంగతి చెప్పిన రోజు నా తరగతిలో ఎవరూ గంట కొట్టడం పట్టించుకోలేదు. పాబోకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. మన పుస్తకంలో ఆయన పేరు ఇంకా లేదు.

దీంతో ‘ఒకే మూలం’ అన్న మాట తప్పయిపోయిందా? లేదు. ప్రధాన ప్రవాహం ఆఫ్రికాదే, దారిలో చిన్న పాయలు కలిశాయి. నది ఉపమానం ఇక్కడ చెట్టు కన్నా బాగా నప్పుతుంది, ఎందుకంటే చెట్టుకొమ్మలు ఒకసారి విడిపోయాక మళ్లీ కలవవు. మనుషులు కలుస్తూనే వచ్చారు. ఒక్క లెక్క చాలు. మీకు ఇద్దరు తల్లిదండ్రులు, అమ్మమ్మ, నాయనమ్మ, ఇద్దరు తాతలు కలిపి నలుగురు. ఇలా 30 తరాలు వెనక్కి వెళితే 107 కోట్లకు పైగా స్థానాలు వస్తాయి. అప్పటికి భూమ్మీద అంతమంది లేరు. అంటే ఒకే మనిషి మీ వంశవృక్షంలో ఎన్నో చోట్ల కనిపిస్తాడు, నా వంశవృక్షంలో కూడా.

మనుషుల మధ్య భేదాలు లేవని నేను అనడం లేదు. వేలాది జన్యు స్థానాలను కలిపి చూస్తే, ఒకరి పూర్వీకులు ఎక్కువగా ఏ ఖండంవారో చాలావరకు చెప్పవచ్చు. కానీ ఆ భేదాలకు గట్లు లేవు. ఒక ప్రాంతం నుంచి పక్క ప్రాంతానికి కొద్దికొద్దిగా మారుతూ పోతాయి. 1972లో రిచర్డ్ లెవోంటిన్ లెక్క వేసి, మనిషిలోని జన్యు వైవిధ్యంలో సుమారు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలైనా కనిపిస్తుందని, ‘జాతుల’ మధ్య ఉన్నది 6 శాతమేనని చూపించారు. ఏ ఇద్దరిని తీసుకున్నా డీఎన్‌ఏ 99.9 శాతం ఒకటే. చింపాంజీలు మనతో పోలిస్తే ఎంత కొద్ది! అయినా వాటి మధ్య ఉన్న జన్యు భేదం భూమ్మీది మనుషులందరి మధ్య ఉన్నదానికన్నా ఎక్కువ. పైగా మనలో అత్యధిక వైవిధ్యం ఆఫ్రికాలోనే ఉంది. అక్కడి నుంచి ఎంత దూరం పోతే అంత తగ్గుతుంది, ఎందుకంటే చిన్న చిన్న గుంపులుగా బయలుదేరినవారు తమ వెంట కొంత భాగాన్నే తీసుకువెళ్లారు. ‘మూడు జాతులు’ అంటూ ఆఫ్రికా అంతటినీ ఒక్క బొమ్మలో కుదించిన పేజీ, సరిగ్గా ఈ సత్యాన్నే తలకిందులు చేస్తోంది.

ఇది పండితుల చర్చ కాదు. ఈ పాఠం తప్పుగా చెబితే దాని భారం మోసేది మామూలు మనుషులు.

1. ప్రాణాలు పోయాయి. 1863లో జాన్ హానింగ్ స్పీక్ అనే అన్వేషకుడు, మధ్య ఆఫ్రికాలోని పాలక వర్గాలు స్థానికులు కారని, ఇథియోపియా వైపు నుంచి వచ్చిన వేరే జాతివారని రాశాడు. ఆధారం ముక్కుల పొడవు, శరీరాల ఎత్తు. రువాండాను ఏలిన బెల్జియం అధికారులు ఆ ఊహనే పాలనా విధానంగా మార్చారు. 1930లలో గుర్తింపు కార్డుల మీద హుటు, టుట్సీ, ట్వా అని వర్గం పేరు రాసి ఇచ్చారు. ఒకే భాష మాట్లాడుతూ, ఒకే కొండల మీద బతుకుతూ, పెళ్లిళ్లు కూడా చేసుకున్నవారికి ‘మీ మూలాలు వేరు’ అని బడిలో నేర్పారు. 1992 నవంబరులో అక్కడి ఒక రాజకీయ నాయకుడు, ఆ ‘వేరే జాతి’గా ఎంచిన టుట్సీలను న్యాబరోంగో నది దారిన ఇథియోపియాకు తిప్పి పంపాలని బహిరంగ సభలో ప్రసంగించాడు. 1994లో సుమారు వంద రోజుల్లో లక్షలాది మందిని చంపారు. శవాలు ఆ నదిలో కొట్టుకుపోయాయి. రోడ్ల మీద కాపలా పెట్టి అడిగింది ఆ కార్డులే. మూలాల గురించిన ఒక తప్పుడు వాక్యం ఎంత దూరం పోగలదో తెలియాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు, మిగిలిన నా పాయింట్లన్నీ కొట్టివేసినా సరే.

2. వైద్యంలో తప్పులు జరిగాయి. మూత్రపిండాల పనితీరును అంచనా వేయడానికి 1999లో వచ్చిన ఒక సూత్రం, రోగి నల్లజాతివారైతే ఫలితాన్ని దాదాపు ఐదో వంతు పెంచి చూపేది. అంటే మూత్రపిండాలు ఉన్నదానికన్నా బాగా పనిచేస్తున్నట్టు కాగితం మీద కనిపించేది. మార్పిడి కోసం పేరు నమోదు కావడం ఆలస్యమయ్యేది. అమెరికాలో 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. నష్టపోయిన రోగుల నిరీక్షణ కాలాన్ని తిరిగి లెక్కగట్టాలనే నిబంధన 2023 జనవరిలో అమలుకు వచ్చింది. అంతవరకు ఆగలేక చనిపోయినవారికి ఆ నిబంధన వల్ల ఒరిగేదేమీ లేదు. ఎర్ర రక్తకణాలు వంకర తిరిగి తీవ్రమైన నొప్పి తెచ్చే కొడవలి కణాల (సికిల్ సెల్) వ్యాధిది ఇదే కథ. దాన్ని ‘నల్లవారి జబ్బు’ అని ఇప్పటికీ రాస్తున్నారు. అది చర్మం రంగును అనుసరించదు, మలేరియా ఉన్న నేలను అనుసరిస్తుంది. ఆ జన్యువు ఒక్క కాపీ ఉంటే మలేరియా నుంచి రక్షణ దొరుకుతుందని 1954లోనే ఆంథొనీ ఆలిసన్ చూపించారు. ఆఫ్రికాలోనే కాదు, మధ్యధరా తీరంలోనూ అరేబియాలోనూ భారతదేశంలోనూ అది ఉంది. ముఖం చూసి జబ్బును ఊహించే వైద్యుడు తెల్లగా ఉన్న పిల్లవాడి నొప్పిని గుర్తించడు.

3. పరిశోధనలో అసమానత పెరిగింది. జబ్బులకు కారణమయ్యే జన్యువుల కోసం జరిగిన విస్తృత అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో యూరప్ మూలాలవారు 2009లో 96 శాతం, 2016లో 81 శాతం. ‘ఎలాగూ అందరం ఒకటే’ అన్న సగం పాఠం ఇక్కడ కూడా చెడు చేసింది. అత్యధిక వైవిధ్యం ఉన్న జనాన్ని వదిలేసి చేసిన అంచనాలు ఆ జనానికే సరిగ్గా పనిచేయడం లేదు.

4. మనుషులను ప్రదర్శనకు పెట్టారు. దక్షిణాఫ్రికా ఖోయీ స్త్రీ సారా బార్ట్‌మన్‌ను 1810లో లండన్ తీసుకువెళ్లి డబ్బులకు చూపించారు. ఆమె 1815లో ప్యారిస్‌లో చనిపోతే, శరీరాన్ని కోసి పరీక్షించి, మనుషుల్లో తక్కువ రకమని రాశారు. ఆమె అస్థిపంజరం మ్యూజియంలో 1970ల వరకు ప్రదర్శనలో ఉంది. అవశేషాలు సొంత నేలకు చేరింది 2002లో. ఆమె ప్రజల వంశశాఖ ఇప్పటి మనుషులందరిలో అత్యంత పురాతనంగా విడివడినవాటిలో ఒకటని, వారి జన్యు వైవిధ్యం అపారమని ఇప్పుడు తెలుసు. 1958లో కూడా బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో కాంగో ప్రజలను కంచె లోపల ఉంచి చూపించారు. ఇది మన తాతల కాలం నాటి సంగతే.

5. ఉమ్మినీరు పంపితే మీ మూలాలు శాతాల్లో చెబుతామనే పరీక్షలు ఇప్పుడు అమ్ముడవుతున్నాయి. ఆ శాతాలు పూర్వీకుల మీద లెక్క కాదు. ఇవాళ బతికి ఉన్న కొన్ని సమూహాల నమూనాలతో పోలిక మాత్రమే. నమూనాలు మారితే అదే మనిషి శాతాలు మారతాయి. పాఠం సరిగ్గా చదివినవారు దీన్ని అర్థం చేసుకోగలరు. చదవనివారు తమను తాము ముక్కలుగా కోసుకుని, ఆ ముక్కలకు స్వభావాలు అంటగడుతున్నారు.

తెలుగులో మనకు ఇంకో చిక్కుంది, దీన్ని మీరే విప్పాలి. ‘జాతి’ అన్న ఒక్క మాటను మనం ఎన్ని పనులకు వాడుతున్నాం! జీవశాస్త్రంలో పులి ఒక జాతి, సింహం ఒక జాతి. అక్కడ జాతి అంటే పిల్లల్ని కని, ఆ పిల్లలు మళ్లీ పిల్లల్ని కనగల జీవుల సమూహం. రాజకీయాల్లో జాతి అంటే దేశం, జాతీయ జెండా. వాడుకలో కులమూ జాతే, తెగా జాతే. వీటన్నిటితో పాటు నల్లజాతి, తెల్లజాతి. ఒకటో పాఠంలో ‘జాతి’ నిర్వచనం చదివిన పిల్ల, పదో పాఠంలో ‘నల్లజాతి, తెల్లజాతి’ చదివితే ఏమనుకోవాలి? పులికీ సింహానికీ ఉన్నంత తేడా మనుషుల మధ్య ఉందనే కదా? ఆమె తర్కం తప్పు కాదు, మన మాట తప్పు. పంతొమ్మిదో శతాబ్దంలో లూయీ అగాసీ వంటి పెద్ద శాస్త్రవేత్తలు మనుషులు వేర్వేరుగా సృష్టి అయ్యారని కావాలనే వాదించారు. మనం వాదించకుండానే, ఒక పదం వల్ల అదే సిద్ధాంతాన్ని పిల్లల మనసుల్లో నాటుతున్నాం. జాతులన్నవి జీవశాస్త్ర సత్యం కన్నా సామాజిక కల్పన అని యునెస్కో 1950లోనే ప్రకటించింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ప్రకటన మన పదకోశాల దాకా రాలేదు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నవి ఇవి:

1. ‘మూడు ప్రధాన జాతులు’ అన్న భాగాన్ని, ఆ ముఖాల బొమ్మలను తదుపరి ముద్రణలో పూర్తిగా తీసేయండి. మనుషులను అలా విభజించిన చరిత్ర చెప్పాలనుకుంటే చరిత్రగా చెప్పండి, ఎవరు, ఎందుకు, ఏ ప్రయోజనంతో అన్నది కూడా రాయండి.

2. ‘జాతి’ అనే మాటను జీవశాస్త్ర పాఠాల్లో ఒకే అర్థానికి పరిమితం చేయండి. మనుషుల గురించి రాసేటప్పుడు ‘జనసమూహం’, ‘పూర్వీకుల ప్రాంతం’ అని రాయవచ్చు. ‘జాతి వివక్ష’ వంటి సామాజిక పదాలు వచ్చిన చోట, అక్కడి జాతి జీవశాస్త్రంలోని జాతి కాదని ఒక వాక్యం చేర్చండి. పత్రికా రచయితలకూ ఇదే మనవి.

3. ‘ఒకే స్త్రీ సంతానం’ అన్న వాక్యం స్థానంలో ఇలాంటిది రాయవచ్చు: “ఇప్పుడున్న మనుషులందరూ సుమారు 3 లక్షల ఏళ్ల నుంచి ఆఫ్రికాలో విస్తరించి జీవించిన జనసమూహాల వారసులు. ఆఫ్రికా దాటి వెళ్లినవారు దారిలో నియాండర్తల్, డెనిసోవన్ మానవులతో కొద్దిగా కలిశారు.” ఇంత మాత్రం రాయడానికి కొత్త పేజీ అక్కర్లేదు.

4. వంగిన కోతి నుంచి నిటారుగా నిలబడిన మనిషి దాకా ఒకే వరసలో నడిచే బొమ్మను మానండి. పాయలు విడిపోయి మళ్లీ కలిసే నది బొమ్మ వేయించండి.

5. ఆధారాలు మారినప్పుడు ఏది మారిందో, ఎందుకు మారిందో పిల్లలకు చెప్పండి. జెబెల్ ఇర్హూద్ పుర్రె వయసు ఎలా మారిందో చెబితే, శాస్త్రం తనను తాను ఎలా సరిదిద్దుకుంటుందో ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. ‘నిన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకొకటి చెబుతున్నారు’ అనే అపనమ్మకం వివరించకపోవడం వల్లే పుడుతుంది.

6. ఉపాధ్యాయులు పంపే తప్పుల వివరాలను స్వీకరించి, ఫలానా గడువులోగా జవాబిచ్చే బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగించండి. ఆ పేరు, చిరునామా పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేయండి. నాలాగా మూడు ఉత్తరాలు రాసి ఎదురుచూసే పరిస్థితి ఇంకొకరికి రాకూడదు.

ఈ ఆరింటిలో మొదటి మూడూ ఒక్క ముద్రణలో జరిగే పనులు. పైసా అదనపు ఖర్చు లేదు. వాటిని ఒప్పుకుంటారా, ఒప్పుకోకపోతే నా వాదనలో ఏది తప్పు, అన్నది రాతపూర్వకంగా, బహిరంగంగా తెలియజేయండి. తప్పు ఉంటే నేనూ దిద్దుకుంటాను. మూడు ఉత్తరాల నకళ్లు, ఆ రెండు పేజీల్లో దిద్దవలసిన వాక్యాల జాబితా నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. అడిగిన రోజే పంపుతాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు